‘నిల్’ అని రాసిన రిజిస్టరు

ఆసుపత్రులలో ప్రమాదాల రిజిస్టరు అని ఒకటి ఉంటుంది. సూది గుచ్చుకున్నా, బ్లేడు తెగినా, రోగి రక్తం కంట్లో చిందినా అందులో రాయాలి. చాలా చోట్ల ఆ రిజిస్టరు తెరిచి చూస్తే జనవరి నిల్, ఫిబ్రవరి నిల్, మార్చి నిల్. అట్ట కూడా నలిగి ఉండదు. తనిఖీకి వచ్చినవారు చూసి, బాగుందని సంతకం పెట్టి వెళతారు. బాగుందని మేము అనుకోవడం లేదు. రోజంతా ఇంజెక్షన్లు, సెలైన్లు నడిచే చోట, రాత్రి పూట ఒక్క సిస్టరు ముప్పై మంచాలు చూసుకునే చోట, ఏడాది పొడవునా ఒక్క సూదీ ఎవరి వేలికీ తగలలేదంటే నమ్మడం కష్టం. తగిలే ఉంటుంది. చెప్పి ఉండరు.

మా మాట అనుమానం కొద్దీ అన్నది కాదు. అమెరికాలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డులలో మందుల పొరపాట్లను లెక్కించే పనిలో పాల్గొన్నారు. మంచి నాయకత్వం, మంచి కలివిడి ఉన్న వార్డులలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది. మంచి వార్డులలోనే ఎక్కువ పొరపాట్లు కనిపించాయి. లోతుగా చూస్తే సంగతి తెలిసింది. ఆ వార్డులలో పొరపాటు జరిగితే పైకి చెప్పేవారు, తక్కిన వార్డులలో దాచేవారు. 1996లో ఆమె ఈ సంగతి ప్రచురించారు. అప్పటి నుంచి ఆసుపత్రుల భద్రత గురించి ఆలోచించేవారు ‘నిల్’ అన్న మాటను చూస్తే సంతోషించడం మానేశారు. మన దగ్గర ఇంకా సంతోషిస్తున్నాము.

సూది గుచ్చుకున్న సంగతి దాస్తే ఏమవుతుందో ముందు చెప్పుకుందాము. హెపటైటిస్-బి ఉన్న రోగికి వాడిన సూది, టీకా వేసుకోని వారికి గుచ్చుకుంటే, ఆ రోగి రక్తంలో వైరస్ ఎంత ఉన్నదనే దానిని బట్టి 100 మందిలో 6 నుంచి 30 మందికి అంటుకోవచ్చు. హెపటైటిస్-సి అయితే 100 మందిలో ఇద్దరికి మించదు. అందరూ ఎక్కువగా భయపడే హెచ్‌.ఐ.వి. నిజానికి 1000 మందిలో ముగ్గురికి మాత్రమే. అంటే భయపడవలసిన దానికి మనం భయపడడం లేదు. హెపటైటిస్-బికి మూడు డోసుల టీకా ఉంది. మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు వేసుకుంటే సరిపోతుంది. టీకా లేని వారికి సూది గుచ్చుకుంటే 24 గంటలలోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చి, టీకా మొదలుపెడతారు. హెచ్‌.ఐ.వి. అనుమానం ఉంటే రెండు గంటలలోపు మందు మొదలుపెట్టడం మేలు. 72 గంటలు దాటితే ఇక ప్రయోజనం లేదు. మందు 28 రోజులు వాడాలి. హెపటైటిస్-సికి ముందుగా వేసుకునే టీకా లేదు గాని, పరీక్షలో బయటపడితే ఇప్పుడు సుమారు మూడు నెలల మాత్రలతో చాలా మందికి పూర్తిగా నయమవుతుంది.

ఈ లెక్కలన్నీ గంటలతో ముడిపడినవి. రాత్రి రెండింటికి సూది గుచ్చుకున్న అమ్మాయి పొద్దున మేట్రన్ గారు వచ్చాక చెబుదాములే అనుకుంటే ఆరు గంటలు పోయాయి. మేట్రన్ గారి ముఖం చూసి, రేపు చెబుదాములే అనుకుంటే ముప్పై గంటలు పోయాయి. మూడో రోజు పని ఒత్తిడిలో మరిచిపోతుంది, లేదా మరిచిపోయినట్లు ఉంటుంది.

మరి ఎందుకు చెప్పరు?

అడిగే మొదటి ప్రశ్న వల్ల. “ఏమ్మా, చూసుకోవద్దా? ట్రైనింగులో చెప్పలేదా నీకు?” అన్నది మన వార్డులలో సూది గుచ్చుకున్న వారు వినే మొదటి మాట. చెయ్యి కడుక్కున్నావా, ఏ పేషంటుకు వాడిన సూది, ఎంతసేపయింది, టీకా వేసుకున్నావా అన్నవి తర్వాత వస్తాయి, వస్తే. ఆ మొదటి మాట విన్న అమ్మాయి ఇంకోసారి చెప్పదు. పక్కన నిలబడి విన్న నలుగురు అమ్మాయిలు ఎప్పటికీ చెప్పరు. ఒక్క వాక్యంతో అయిదుగురి నోళ్ళు మూయించడం ఇంత సులభం.

రెండవది, పరీక్ష భయం. హెచ్‌.ఐ.వి. పరీక్ష చేయించుకున్నదట అన్న వార్త లేబరేటరీ నుంచి క్యాంటీనుకు, క్యాంటీను నుంచి హాస్టలుకు చేరడానికి అరగంట చాలు. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఆ మాట పడితే ఏమవుతుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు. ఫలితం నెగిటివ్ అని వచ్చినా, పరీక్ష ఎందుకు చేయించుకున్నదన్న ప్రశ్న మిగిలిపోతుంది. హెచ్‌.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితాన్ని రహస్యంగా ఉంచాలని, పనిలో ప్రమాదానికి గురైన ఆరోగ్య సిబ్బందికి నివారణ మందులు సంస్థే ఇవ్వాలని అందులో ఉంది. చట్టం ఉన్నదని మన సిబ్బందిలో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

ఉద్యోగ భయం మూడవదని మేము రాయబోయి ఆగాము. నిజమేమిటంటే, ఉద్యోగం ఊడుతుందన్న భయం కన్నా చిన్నదొకటి ఎక్కువ పని చేస్తుంది. 2003లో మిలికెన్, మారిసన్, హ్యూలిన్ అనే ముగ్గురు అమెరికాలో 40 మంది ఉద్యోగులతో విడివిడిగా మాట్లాడారు. పైవారికి చెప్పవలసిన ఒక విషయాన్ని ఎప్పుడో ఒకసారయినా చెప్పలేకపోయామని 85 శాతం మంది అన్నారు. కారణం అడిగితే ఎక్కువమంది చెప్పింది ఇది: సణుగుడు మనిషి అని పేరు పడుతుంది, కలిసి పనిచేసేవారితో చెడుతుంది. అమెరికాలోనే అలా ఉంటే, ఒకే ఆవరణలో ఉద్యోగం, క్వార్టరు, హాస్టలు అన్నీ ఉన్న మన మిషను ఆసుపత్రులలో ఎలా ఉంటుంది? పగలు ఎవరి మీద ఫిర్యాదు చేశామో సాయంత్రం వారి పక్కనే కూర్చుని భోజనం చేయాలి. వార్డు ఇన్‌చార్జి గారి చెల్లెలు హాస్టలు వార్డెను. ఆమె కొడుకు ఆఫీసులో గుమాస్తా. బయట ఇల్లు అద్దెకు తీసుకుందామంటే జీతం చాలదు. “ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు” అని పెద్దలు అన్నది ఇలాంటి ఆవరణలను చూసే అయి ఉంటుంది.

మిషను ఆసుపత్రులకు మాత్రమే ఉన్న ఇంకో కారణం చెప్పక తప్పదు. ‘సేవ’ అన్న మాట. ఎంతో మంది జీవితాలను నిలబెట్టిన మాట అది, దానిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే చేతి తొడుగులు చాలడం లేదని, రెండు డ్యూటీలు వరుసగా వేస్తున్నారని ఎవరైనా అన్నప్పుడు, “ఇది ఉద్యోగం కాదమ్మా, సేవ” అన్న జవాబు వస్తే, ఆ మాట మూత అవుతుంది. తొడుగులు అడగడం స్వార్థమైపోతుంది. వెనుకటి మిషనరీ డాక్టర్లు లాంతరు వెలుగులో ఆపరేషన్లు చేశారని చెప్పుకుంటాము, నిజమే, చేశారు. వేరే దీపం లేక చేశారు. దీపం అడిగినవారి నోరు మూయించడానికి వారి కథను వాడకూడదు.

ఇంతకీ సూదులు గుచ్చుకునేది నర్సులకు మాత్రమే అనుకుంటే పొరపాటు. చెత్త సంచులు మోసే ఆయాలకు, స్వీపర్లకు అరికాళ్ళలో, తొడల మీద, మోకాళ్ళ దగ్గర గుచ్చుకుంటాయి. ఎవరో నల్ల సంచిలో వేసిన సూది, ఎవరికి వాడినదో ఎప్పటికీ తెలియని సూది. వీరిలో చాలామంది ఇప్పుడు కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారు. “ఎవరికి చెప్పుకోను సిస్టరమ్మా, రేపటి నుంచి రావద్దంటే?” అన్న ఆయా ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు సూదులను గుచ్చుకోని గట్టి తెల్లని డబ్బాలో వేయాలని, వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని, ప్రమాదం జరిగితే ఫారం-1లో తెలియజేయాలని చెబుతున్నాయి. ప్రతి ఒక్కరికీ అన్నారు గాని, పర్మినెంటు వారికి అని అనలేదు.

వార్డులో మౌనం సిబ్బందికి చేటు చేస్తే, థియేటరులో మౌనం రోగికి చేటు చేస్తుంది. 2005 మార్చి 29న ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ళ ఇద్దరు పిల్లల తల్లి చిన్న సైనస్ ఆపరేషనుకు వెళ్ళారు. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం మూసుకుపోయింది. ముగ్గురు అనుభవజ్ఞులైన డాక్టర్లు గొట్టం వేయడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఆక్సిజన్ పడిపోయి ఇరవై నిమిషాలు దాటింది. ఒక నర్సు గొంతుకు రంధ్రం చేసే సామగ్రి తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్సు ఇంటెన్సివ్ కేర్‌లో మంచం సిద్ధం చేయమని ఫోను చేసి వచ్చి ఆ మాట చెబితే, అంత అవసరమా అన్నట్లు చూశారు. ఆమె వెళ్ళి ఆ మంచం వద్దని చెప్పారు. పదమూడు రోజుల తర్వాత ఎలేన్ చనిపోయారు. ఏమి చేయాలో తమకు తెలుసునని, ఆ మాట వారి చెవికెక్కేలా ఎలా చెప్పాలో తెలియలేదని నర్సులు తర్వాత చెప్పారు.

ఆ డాక్టర్లు కర్కశులేమీ కారు. నర్సులు పిరికివారూ కారు. ఎవరి ఉద్యోగమూ ఆ గదిలో ప్రమాదంలో లేదు. పెద్ద డాక్టరు గారికి తెలియదా, నేను చెప్పాలా అన్న చిన్న సంకోచం, దానికి తోడు ఒక్క చూపు. అంతే. ఎలేన్ భర్త మార్టిన్ విమాన పైలట్. విమానయానంలో ఇటువంటి మౌనం ఎంత ఖరీదైనదో 1977 మార్చి 27న టెనెరిఫ్‌లో తెలిసింది. రన్‌వే మీద ఇంకో విమానం ఉందేమోనని ఇంజనీరు అడిగితే కెప్టెన్ కొట్టిపారేశాడు, రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ తర్వాత విమానయానంలో కింది ఉద్యోగికి గట్టిగా చెప్పడం, కెప్టెన్‌కు ఆగి వినడం శిక్షణలో భాగమయ్యాయి. మార్టిన్ ఎవరినీ శిక్షించమని అడగలేదు. ఆ శిక్షణ ఆసుపత్రులకూ రావాలని 2007లో ఒక సంఘం పెట్టి పనిచేశారు.

అమెరికా ఆసుపత్రులలో కొన్ని చోట్ల మూడు మెట్లుగా మాట్లాడడం నేర్పుతారు. మన భాషలో అయితే ఇలా అనవచ్చు. “సార్, నాకు ఆందోళనగా ఉంది.” వినకపోతే, “సార్, ఇది నాకు సరిగా అనిపించడం లేదు.” అప్పటికీ వినకపోతే, “సార్, ఇది పేషంటుకు ప్రమాదం, ఒక్క నిమిషం ఆపండి.” మర్యాద ఎక్కడా తప్పలేదు, ‘సార్’ అలాగే ఉంది. మూడవ మాట విన్న తర్వాత ఎంత పెద్దవారయినా ఆగాలన్నది ఆసుపత్రి నియమంగా ఉండాలి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులో, కత్తి పెట్టేముందు గదిలోని అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలని ఉంది. ఇది చూసి నవ్వినవారున్నారు, రోజూ చూసుకునే ముఖాలేగా అని. ఒకసారి నోరు తెరిచి పేరు చెప్పిన మనిషి రెండోసారి తెరవడం తేలిక. దాని వెనుక ఉన్నది అదే.

మాట్లాడిన వారికి ఏమయిందో కూడా చెప్పాలి. లేకపోతే ఈ వ్యాసం ఏకపక్షమవుతుంది. బ్రిస్టల్ నగరంలోని ఆసుపత్రిలో చిన్నపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు 1990 నుంచి పైవారికి చెబుతూ వచ్చారు. విచారణ సంఘం నివేదిక 2001లో వచ్చింది. 1991 నుంచి 1995 వరకు ఏడాది లోపు పిల్లలలో, మామూలుగా జరిగే దానికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని అందులో తేలింది. అప్పటికి బోల్సిన్ ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయి చాలా కాలమయింది. మన దగ్గర నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ గారు 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదట్లో, మాస్కులు చాలడం లేదని బాహాటంగా అన్నారు. సస్పెండ్ అయ్యారు. మే నెలలో విశాఖపట్నం రోడ్డు మీద పోలీసులు ఆయనను పట్టుకున్న తీరు రాష్ట్రమంతా టీవీలో చూసింది. హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో చనిపోయారు. ఆ వ్యవహారంలో ఎవరి తప్పు ఎంతన్నది తేల్చడం మా పని కాదు. అయితే ఆ దృశ్యం చూసిన ప్రతి కాంపౌండరు, ప్రతి నర్సు ఆ సాయంత్రం ఒక పాఠం నేర్చుకున్నారు. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ, ఏ శిక్షణా తరగతీ అంత త్వరగా నేర్పలేదు.

అందుచేత, “ధైర్యంగా చెప్పండి” అని సిబ్బందికి ఉపదేశం చేయడం మాకు ఇష్టం లేదు. పిల్లి మెడలో గంట కట్టమని ఎలుకలకు చెప్పడం పిల్లికి తగదు. భారం పైవారిదే. వినేవారు మారితే చెప్పేవారు పుడతారు.

సలహాల పెట్టె పెట్టాము కదా అంటారు. ఆ పెట్టె సాధారణంగా సూపరింటెండెంటు గారి గది ఎదుట ఉంటుంది, తాళం చెవి వారి దగ్గరే ఉంటుంది, చేతిరాత అందరికీ తెలిసినదే. లోపల పాత టీ బిల్లులు తప్ప ఏమీ ఉండవు. పెట్టె కన్నా ప్రశ్న మేలు. సూపరింటెండెంటు గారు వారానికొకసారి వార్డుకు వెళ్ళి, “ఏమైనా సమస్యలున్నాయా?” అని కాకుండా, “ఈ వారం ఎవరికి సూది తగిలింది? ఎవరికి తొడుగుల సైజు సరిపోలేదు? ఏ డబ్బా నిండిపోయి పైకి వచ్చింది?” అని అడగాలి. “ఏమైనా” అంటే “ఏమీ లేదు సార్” అన్నదే జవాబు. “ఎవరికి” అంటే ఎవరో ఒకరి పేరు వస్తుంది. పేరు వచ్చిన రోజున, మొదట చికిత్స. విచారణ మరో రోజు, మరో గదిలో, మరో మనిషి చేయాలి. నివారణ మందులు క్యాజువాలిటీలో రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలి. తాళం చెవి కోసం, ఎవరి సంతకం కోసమో తెల్లవారేదాకా ఆగే పరిస్థితి ఉండకూడదు.

అడిగిన దానికి జవాబు కూడా ఉండాలి. నోరు మూతపడడానికి భయం ఒక కారణమైతే, చెప్పి లాభం లేదన్నది అంతకన్నా మొండి కారణం. చిన్న సైజు తొడుగులు కావాలని మూడుసార్లు ఇండెంటు రాసి, మూడుసార్లు పెద్దవే వస్తే, నాలుగోసారి ఎవరూ రాయరు. తొడుగు లేకుండానే సూది పట్టుకుంటారు. నర్సింగు స్టేషనులో ఒక బోర్డు మీద, అడిగినది ఏమిటి, చేసినది ఏమిటి అని రాస్తే చాలు. “ఈ ఏడాది డబ్బు లేదు, ఏప్రిల్‌లో చూస్తాము” అన్నదీ జవాబే. జవాబు లేకపోవడం కన్నా అది ఎంతో మేలు.

ఇలా అడగడం మొదలుపెడితే పనికిమాలిన ఫిర్యాదులూ వస్తాయి, నిజమే. పడనివారి మీద చాడీలు వస్తాయి. డ్యూటీ మార్పించుకోవడానికి కథలు వస్తాయి. పాలన చేసినవారందరికీ ఈ బాధ తెలుసు. పది మాటలలో రెండు చాడీలయినా, తక్కిన ఎనిమిదీ వినకుండా పోగొట్టుకోవడం తెలివైన బేరమని మాకు తోచదు. ఆడవారి పట్ల అసభ్య ప్రవర్తన సంగతి వేరు. పది మంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి చోటా, బయటి సభ్యులతో కూడిన అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టమే చెబుతున్నది. అది బోర్డు మీద రాసే విషయం కాదు, ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నెంబర్లు మాత్రం గోడ మీద ఉండాలి.

సిబ్బంది చేతిలో ఉన్నవి కొన్ని. సూదికి మళ్ళీ మూత పెట్టకండి, ఎక్కువ గాయాలు అక్కడే. వాడిన చోటనే హబ్ కట్టరులో తెంపి డబ్బాలో వేయండి. డబ్బా ముప్పాతిక నిండగానే మార్చమనండి. గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోవద్దు, పిండవద్దు, స్పిరిటు, బ్లీచింగు పోయవద్దు. సబ్బుతో, పారే నీటితో కడిగి, గడియారం చూసుకుని, వెంటనే క్యాజువాలిటీకి వెళ్ళండి. అప్పుడు వార్డు చూసుకునే ఇంకో మనిషిని పంపడం నైట్ సూపర్‌వైజరు బాధ్యత. వార్డు వదిలి ఎందుకు వెళ్ళావని అడగడం కాదు.

టీకాల జాబితా విషయం ఒక్కటి మిగిలింది. ఈ సంచిక మీ చేతికి అందేసరికి చాలా ఆసుపత్రులలో కొత్త నర్సింగు విద్యార్థినులకు హెపటైటిస్-బి మొదటి డోసు వేసే సమయం అవుతుంది. ఆ జాబితా మీ వార్డుకు వచ్చినప్పుడు చెత్త బండి తోసే మనిషి పేరు, లాండ్రీలో దుప్పట్లు దులిపే ఇద్దరి పేర్లు అందులో ఉన్నాయేమో చూడండి. వారు కాంట్రాక్టరు మనుషులని ఆఫీసు అంటే, 2016 నిబంధనల కాగితం చూపించండి. వారు తమంతట తాము అడగరు.